చప్పుళ్ళ దారి

ఇంట్లోంచి ఎవరు బయటికి వెళ్ళినా ఆమె గుమ్మంలో నిలబడి, వాళ్ళ వీపు వీధి చివర మలుపు తిరిగేదాకా చూసేది. మలుపు దగ్గర వాళ్ళు ఒక్క క్షణం ఆగి చెయ్యి ఎత్తాలి. అది ఆ ఇంటి చట్టం. లారీ డ్రైవరైన భర్త ఆఖరిసారి వెళ్ళిన పొద్దున చెయ్యి ఎత్తలేదు. రెండు చేతుల్లోనూ సంచులుంటే ఎలా ఎత్తుతాడని అత్తగారు ఎన్నోసార్లు నచ్చజెప్పింది. నిజమేనని ఆమె తల ఊపేది. కానీ ఒక సంచి కింద పెట్టి ఆ చెయ్యి ఎత్తి ఉంటే, ఆ లారీ వాగులో పడకుండా వంతెన మీదే ఆగేదేమో అన్న పురుగు మాత్రం ఆమె బుర్రని తొలుస్తూనే ఉండేది.

ఆ తర్వాత కొన్నాళ్ళకి కూతురికి పెద్ద జబ్బు చేసింది. జబ్బు తగ్గింది గానీ చూపు తిరిగి రాలేదు. అప్పటి నుంచి ఆ పిల్ల మోచెయ్యి తల్లి చేతిలోనే ఉంది. పిల్ల అన్నమాటే గానీ ఇరవై దాటిన మనిషి. చూపులేనివాళ్ళ బడిలో మడతపెట్టే చేతికర్రతో నడవడం నేర్చుకుంది, ఫోన్ల పని నేర్చుకుంది, పెద్దాసుపత్రిలో ఫోన్లెత్తే ఉద్యోగం సంపాదించుకుంది. అయినా బస్‌స్టాప్ దాకా తల్లి చెయ్యే. కూతుర్ని బస్సెక్కించి, కండక్టరుకి అప్పగించి, బస్సు కనుమరుగయ్యేదాకా నిలబడి, అప్పుడు పడుతూ లేస్తూ తన పనికి పరిగెత్తేది.

తన పని అంటే బడి పిల్లల యూనిఫారాలు కుట్టే ఫ్యాక్టరీ. అక్కడ ఆమెని అందరూ లీడరమ్మ అంటారు. ఆ పేరు ఊరికే రాలేదు. ఇదివరకు ఆ హాల్లో సూపర్‌వైజర్ బల్ల పక్కన మేకుకి ఒక చెక్క బిళ్ళ తాడుతో వేలాడుతూ ఉండేది. మంచినీళ్ళకి వెళ్ళాలన్నా, బాత్రూంకి వెళ్ళాలన్నా ఆ బిళ్ళ అడిగి తీసుకుని, మెళ్ళో వేసుకుని వెళ్ళాలి. మిషన్ల వరసంతటికీ ఒకటే బిళ్ళ. వెళ్ళినవాళ్ళు తెచ్చి తగిలించేదాకా మిగతావాళ్ళు పళ్ళ బిగువున కూర్చోవాలి. ఒకరోజు నెలలు నిండిన అమ్మాయి ఒకతె అలా కూర్చుని కూర్చుని, కూర్చున్నచోటే తడుపుకుని, మిషను మీద తల పెట్టుకుని ఏడ్చింది. లీడరమ్మ అప్పటికింకా లీడరమ్మ కాదు. మిషను ఆపి లేచి, బల్ల దగ్గరికి వెళ్ళి, బిళ్ళ తీసి తన డబ్బా సంచీలో పడేసుకుంది. ఇంక ఎవరినీ అడగం, వెళ్ళొస్తామంతే, అంది. అన్న మాట వెనక్కి తీసుకోలేదు. పెద్ద గొడవే అయింది. చివరికి యాజమాన్యం దిగొచ్చింది. ఇప్పుడు ఆమెని ఆడవాళ్ళ కమిటీకి పెద్దని చేసి, మీటింగుల్లో మెత్తటి కుర్చీ వేస్తున్నారు. తను చెప్పేది వింటున్నారో లేదో తెలియదు గానీ కుర్చీ మాత్రం భలే మెత్తగా ఉందని ఇంట్లో చెప్పి నవ్వించేది.

ఆ బిళ్ళని తెచ్చి వంటింటి గోడకి తగిలించుకుంది. భయం వేసినప్పుడల్లా దానివంక చూసేది. ఆమెకి భయం వెయ్యని గంట ఉండదు కనక చాలాసార్లే చూసేది.

ఒక ఆదివారం మధ్యాహ్నం కూతురు ఆ గోడ తడుముకుంటూ వెళ్ళి, బిళ్ళ తీసి మెళ్ళో వేసుకుని, తల్లి ముందుకొచ్చి చేతులు కట్టుకుని నిలబడింది.

"ఏంటే, బాత్రూంకా?" అంది నాన్నమ్మ మంచం మీంచి.

"కాదు నాన్నమ్మా. బస్‌స్టాప్‌కి. లీడరమ్మగారు ఒప్పుకుంటే."

తల్లి చేతిలో గరిటె ఆగిపోయింది. ముసలావిడ మాత్రం కిసుక్కున నవ్వి, "అక్కడ పీకి ఇక్కడ తగిలించావు. మేకు మారిందంతే కోడలా" అంది.

ఆ మధ్యాహ్నమంతా వాదన నడిచింది. తల్లి లారీల గురించి చెప్పింది, కుక్కల గురించి చెప్పింది, మూతల్లేని మురుగు గుంటల గురించి చెప్పింది. అవన్నీ చూపున్నవాళ్ళకీ ఉన్నవేగా అని కూతురు అంది. నీకేమైనా అయితే నేనుండలేను అని తల్లి అంది. నువ్వు ఉండడానికి నేను ఇంట్లో ఉండాలా అని కూతురు అడిగింది. తల్లి లేచి, కట్టేసి ఉన్న గ్యాసుని మళ్ళీ కట్టేసి వచ్చింది.

చివరికి ఒక పందెం కుదిరింది. రేపు పొద్దున కూతురు ఒక్కతే వెళ్తుంది. ఎవరి చెయ్యీ పట్టుకోకుండా, ఎవరినీ దారి అడక్కుండా, ఎవరి పిలుపూ లేకుండా తన బస్సు తను ఎక్కిందా, తల్లి ఇంకెప్పుడూ ఆ మోచెయ్యి ముట్టుకోదు. ఎక్కలేకపోయిందా, ఒంటరిగా వెళ్తానన్న మాట కూతురు మళ్ళీ ఎత్తదు.

"వెనకాల రావుగా?" అని అడిగింది కూతురు.

"రాను."

అబద్ధం నోట్లోంచి వస్తూ ఉండగానే ఆమె చెయ్యి తలుపు గడియని లాగి చూస్తోంది.

సాయంత్రం పాలపేకెట్ వంక పెట్టుకుని వీధిలోకి దిగింది. ఆ వీధి పొడుగేమీ కాదు. మెట్లు దిగి కొంచెం నడిస్తే పిండిమర, దాని ముందు ఎప్పుడూ ఒక నీళ్ళ డ్రమ్ము. మరని నడిపే ఆవిడని మరమ్మ అంటారు. అది దాటితే సైకిల్ షాపు. అక్కడి కుర్రాడు టైర్లలో ఎంత గాలి కొడతాడో మాటల్లోనూ అంతే కొడతాడని వాడికి గాలిగాడని పేరు. వీధి చివర రేకుల బాబాయి కొట్టు. బకెట్లు, గరాటాలు, పొగ గొట్టాలు చేస్తాడు. పొద్దున కూర్చున్నాడంటే సుత్తి ఆగదు. ఆ కొట్టు దగ్గర దారి రెండుగా చీలుతుంది. కొట్టుని ఎడమకి ఉంచుకుని కుడి సందులోకి తిరిగితే బస్‌స్టాప్. తిరక్కుండా నేరుగా పోతే లారీల రోడ్డు. నడిచేవాళ్ళకి దాని మీద జానెడు చోటు లేదు.

కూతురితో నడిచేటప్పుడు ఆమె ఒక సంగతి గమనించింది. రేకుల కొట్టు దగ్గరికి రాగానే పిల్ల కనుబొమలు ముడుస్తుంది, మెడ ఒక పక్కకి వంచుతుంది, అడుగు నెమ్మదిస్తుంది. పాపం, ఆ ధనధనకి బెదిరిపోతోంది అనుకునేది తల్లి. రేపు తన చెయ్యి కూడా ఉండదు. ఆ రొదలో పిల్ల ఏమైపోతుంది?

అందుకని ఒక్కొక్క కొట్టూ ఎక్కి బతిమాలింది. మా అమ్మాయి రేపు మొదటిసారి ఒంటరిగా వస్తోంది, అది దాటేదాకా కాస్త చప్పుడు చెయ్యకండి, కాళ్ళకి అడ్డం ఏమీ లేకుండా చూడండి, పలకరించకండి, నేను చెప్పానని అసలు చెప్పకండి. మరమ్మ ముక్కు చీది, డ్రమ్ము తీయిస్తానని, వీధి కూడా ఊడ్పిస్తానని మాటిచ్చింది. గాలిగాడు, "కంప్రెసర్ ఏంటి పిన్నీ, నా నోరే మూసేస్తా" అన్నాడు. అంతకన్న పెద్ద త్యాగం ఉండదని వాడికీ తెలుసు. రేకుల బాబాయి సుత్తి కింద పెట్టి, గుండె మీద చెయ్యి వేసుకుని తల ఊపాడు. నలుగురూ కలిసి ఒక మంచి పని చేసే అవకాశం ఆ వీధికి రోజూ రాదు మరి.

మర్నాడు పొద్దున కూతురు చేతికర్ర విప్పుకుని, సంచి భుజాన వేసుకుని గుమ్మం దాటింది.

"వెళ్ళొస్తానమ్మా."

"వెళ్ళి రా."

కూతురు మెట్లు దిగేదాకా ఆగి, ఆమె అత్తగారి గుడ్డ చెప్పులు వేసుకుంది. తన చెప్పులు కిర్రుమంటాయి, ఆ కిర్రు కూతురికి బాగా తెలుసు. అత్తగారు చూసి, మొహం గోడవైపు తిప్పుకుంది. అది తిట్టినట్టే ఉంది.

వీధి ఆమె చెప్పినట్టే ఉంది. కాదు, చెప్పినదానికన్న గొప్పగా ఉంది. మర ఆగిపోయి ఉంది. డ్రమ్ము లేదు. నేల అద్దంలా ఊడ్చి ఉంది. మరమ్మ పిండి చేతులు కట్టుకుని, ఆ పక్క కొట్టువాళ్ళతో కలిసి వరసగా నిలబడి ఉంది. గాలిగాడు రెండు పెదాలూ వేళ్ళతో పట్టుకుని మరీ చూపించాడు. ఎవరో పసిపిల్లవాడు ఏడవబోతే తల్లి గభాల్న ఎత్తుకుని లోపలికి పోయింది. గొడవ తప్ప ఇంకోటి తెలియని ఆ వీధి అంత నిశ్శబ్దంగా ఉండగలదని ఎవరూ అనుకోలేదు. ఆమె, ఎంత మంచివాళ్ళు అనుకుంది.

కూతురి కర్ర పిండిమర దగ్గర ఒకసారి ఎడమకి వెళ్ళింది. అక్కడ ఏమీ తగల్లేదు. మళ్ళీ వెళ్ళింది. ఇంకొంచెం దూరం చాచి వెతికింది. పిల్ల ఆగి, ఒక అడుగు వెనక్కి వేసి, మళ్ళీ ముందుకు నడిచింది. నడకలో ఇందాకటి సూటి లేదు. దారి మధ్యలోకి జరిగిపోతోంది. సైకిల్ షాపు దాటింది, దాటినట్టు దానికి తెలిసినట్టు లేదు. రేకుల కొట్టు ముందుకొచ్చి నిలబడిపోయింది.

మెడ ఒక పక్కకి వంచింది. కనుబొమలు ముడిచింది. అచ్చం రోజూ లాగే.

అప్పుడు తల్లికి తట్టింది. అక్కడ రొద లేదు. బెదరడానికి ఏమీ లేదు. అయినా పిల్ల అలాగే మెడ వంచింది. అంటే అది బెదురు కాదు. అది వెతుకులాట. డ్రమ్ము ఆ పిల్లకి ఒక గుర్తు, మర ఒక గుర్తు, ఆ సుత్తి దెబ్బ అన్నింటికన్న పెద్ద గుర్తు. ఇన్నాళ్ళూ తల్లి మోచెయ్యి పట్టుకుని నడిపిస్తున్నాననుకుంది. పిల్ల మాత్రం ఆ చప్పుళ్ళనే పట్టుకుని నడుస్తోంది. వాటన్నిటినీ ఆమె ఒక్కొక్క కొట్టూ ఎక్కి, బతిమాలి, ఆర్పించింది.

కూతురికి ఇప్పుడు వినిపిస్తున్నది దూరంగా బళ్ళ మోత ఒక్కటే. బస్‌స్టాప్ వైపూ అదే మోత, లారీల రోడ్డు వైపూ అదే మోత. పిల్ల ఒక నిర్ణయానికి వచ్చినట్టు తల ఎత్తి, నేరుగా నడిచింది. లారీల వైపు.

తల్లి నోరు తెరిచింది. పిలుపు నాలుక చివరిదాకా వచ్చింది. పిలిస్తే పిల్ల ఆగుతుంది. పిలిస్తే పందెం పోతుంది. ఓడింది పిల్ల కాదు, ఓడించింది తల్లి, ఆ మాట పిల్లకి ఎప్పటికీ తెలియదు. పిలవకపోతే అటు లారీలు.

ఆమె పరిగెత్తింది, కూతురి వైపు కాదు, కొట్టులోకి. రేకుల బాబాయి చేతులు కట్టుకుని, పెళ్ళిపెద్దలా నిలబడి ఉన్నాడు. ఆమెని చూసి పెదాల మీద వేలు పెట్టుకున్నాడు.

"కొట్టు బాబాయ్" అంది గొంతు అణుచుకుని. "సుత్తి తియ్యి."

"నువ్వే కదమ్మా ఆపమన్నావు" అన్నాడు అతను కూడా గుసగుసగా.

ఆమె వినలేదు. బల్ల మీది సుత్తి లాక్కుని, సగం చేసి పెట్టిన బకెట్ మీద బాదింది. ఎడాపెడా బాదింది. అయ్యో నా బకెట్ అని అతను గొణుగుతున్నా బాదింది. లారీల రోడ్డుకి కాస్త ఇవతల కూతురి అడుగు ఆగింది. తల తిరిగింది.

"అలా కాదు, ఇటివ్వు" అని రేకుల బాబాయి సుత్తి తీసుకుని పీట మీద కూర్చున్నాడు. అతని దెబ్బ మొదలైంది. దెబ్బకీ దెబ్బకీ మధ్య నిదానం, రోజూ ఉండే నిదానం. అది విని అటు మర గుర్రుమంది, కంప్రెసర్ దగ్గింది, గాలిగాడు నోరు విప్పి ఎవరినో అకారణంగా తిట్టాడు. వీధికి ప్రాణం వచ్చింది.

కూతురు వెనక్కి నడిచొచ్చింది. తల్లి రేకుల చాటున నక్కింది. పిల్ల సరిగ్గా కొట్టు ముందు ఆగింది.

"ఇవాళ ఆలస్యమైందేం బాబాయ్?"

రేకుల బాబాయి జన్మలో అబద్ధమాడిన మనిషి కాదు. "సుత్తి కనబళ్ళేదమ్మా" అన్నాడు చెమటలు కక్కుతూ.

"దొరికిందిగా" అంది కూతురు.

రోజూ నడిచే వైపుకి తిరిగి, కొట్టుని ఎడమకి ఉంచుకుని కుడి సందు వైపు మళ్ళింది. తిరిగేముందు ఒక్క క్షణం ఆగి, ఇంటి వైపుకి, ఇంటి గుమ్మం వైపుకి చెయ్యి ఎత్తింది. ఆ గుమ్మంలో ఎవరూ లేరు. ఉండాల్సిన మనిషి రేకుల మధ్య, గుడ్డ చెప్పులతో, చేతులు నోటికి అడ్డం పెట్టుకుని కూర్చుని ఉంది.

ఆ రోజు ఫ్యాక్టరీలో ఆమె కుట్టిన కాలర్లు వంకర పోయాయి. పిల్ల బస్సెక్కిందో లేదో తెలియదు. సందు మలుపు తర్వాత ఏమైందో తెలియదు. ఎవరినీ అడగక్కర్లేకుండా లేచి వెళ్ళే హక్కు తనే సంపాదించింది కనక దాన్ని ఆ పొద్దున పదే పదే వాడుకుంది. నీళ్ళకని లేచేది, నీళ్ళు తాగకుండానే తిరిగొచ్చేది. ఇంక ఆగలేక గేటు దగ్గర వాచ్‌మన్‌కి అప్పజెప్పిన తన ఫోను తీసుకుని ఆసుపత్రి నంబరు నొక్కింది.

"నమస్కారమండీ. పెద్దాసుపత్రి. ఎవరు కావాలండీ?"

ఆ గొంతు కూతురిదే. కానీ ఇంట్లో ఎప్పుడూ వినని గొంతు. నిదానంగా, నిబ్బరంగా, కుర్చీలో నిటారుగా కూర్చున్న మనిషి గొంతు. ఎవరు కావాలని మళ్ళీ అడిగింది, ఫరవాలేదు మెల్లిగా చెప్పండి అని ధైర్యం చెప్పింది. పక్కన రోగి ఉన్నారా, అంబులెన్స్ పంపమంటారా అంది. తల్లి ఫోను పెట్టేసింది. గోడకి ఆనుకుని కాసేపు నిలబడింది. సంతోషమే. అయినా, ఎవరో పరాయి మనిషి తన బిడ్డని కళ్ళెదుటే తీసుకెళ్ళిపోయినట్టు అనిపించింది.

సాయంత్రం కూతురు ఒక్కతే తిరిగొచ్చింది. కర్ర మడిచి మూలన పెట్టి, కాళ్ళు కడుక్కుని, తల్లికి ఎదురుగా కూర్చుంది.

"పందెం గెలిచావు" అంది తల్లి, తనే ముందుగా.

"రేకుల బాబాయి దెబ్బకీ దెబ్బకీ మధ్య ఊపిరి తీసుకుంటాడమ్మా. పొద్దున మొదటి దెబ్బలకి ఊపిరి లేదు. నేను స్నానానికెళ్ళి ఆలస్యం చేస్తే నువ్వు తలుపు బాదుతావే, అలా ఉంది."

ఇంక దాచడానికేం లేదు. డ్రమ్ము సంగతి, మర సంగతి, గుడ్డ చెప్పుల సంగతి తల్లి అన్నీ చెప్పింది. మధ్యలో అత్తగారు ఒకటి రెండు చోట్ల నవ్వబోయి, మనవరాలి మొహం చూసి ఊరుకుంది. కూతురు మోకాళ్ళు దగ్గరికి లాక్కుని కూర్చుంది.

"వీధంతా ఆగిపోతే నాకు ఏమనిపించిందో తెలుసా? నాకు చెవులు కూడా పోయాయనుకున్నా."

తల్లి ఏడ్చింది. తప్పైందంది. నువ్వే గెలిచావు తల్లీ, రేపట్నుంచి నీ ఇష్టం, నేను ఒప్పుకుంటున్నానంది.

"అదేనమ్మా గొడవ" అంది కూతురు. కోపం లేదు, అలసట ఉంది. "గెలిచానని నువ్వు చెప్పాలి, ఓడానని నువ్వు చెప్పాలి. అసలు నేను పందెం ఒప్పుకోవడమే తప్పు. అది కూడా బిళ్ళ అడిగి తీసుకున్నట్టే. ఆ రోజు ఫ్యాక్టరీలో నువ్వు పందెం కాశావా? తీసి సంచీలో వేసుకున్నావు."

తల్లి గోడ వంక చూసింది. మేకుకి బిళ్ళ లేదు. పొద్దున్నే అత్తగారు దాన్ని తీసి, ఎప్పటి నుంచో కుంటుతున్న వంటింటి బల్ల కాలి కింద పెట్టేసింది. బల్ల ఇప్పుడు కదలడం లేదు. అడక్కుండా తీశావేం అత్తయ్యా అనబోయి, ఆ మాట తన చెవికే వింతగా తోచి, మానేసింది.

మర్నాడు పొద్దున కూతురు కర్ర విప్పుకుంది. తల్లి డబ్బా సంచి అందించింది. కర్ర ఒక చేతిలో, సంచి ఒక చేతిలో. సంచి భుజానికి తగిలించుకోమ్మా అనబోయి పెదవి కొరుక్కుంది.

"వెళ్ళొస్తా."

"వెళ్ళి రా."

ఆమె గుమ్మంలో నిలబడింది. పిండిమర ముందు డ్రమ్ము తన చోటికి వచ్చేసింది. కర్ర దానికి తగిలి టంగుమంది. పిల్ల సూటిగా నడిచింది. అంతలో గోధుమ బస్తాల బండి ఒకటి వచ్చి మర ముందు అడ్డంగా ఆగింది. దాని వెనక వీధి మిగతా సగం మాయమైపోయింది. కూతురూ లేదు, మలుపూ లేదు. రెండు మెట్లు దిగి పక్కకి జరిగితే కనిపిస్తుంది. ఆమె ఒక కాలు కింది మెట్టు మీద పెట్టింది.

సుత్తి దెబ్బలు వినిపిస్తున్నాయి. నిదానంగా, ఊపిరి తీసుకుంటూ. ఆమె ఇదివరకెప్పుడూ వాటిని వినలేదు, రొద అనుకుంది తప్ప. ఒక దెబ్బ. ఇంకో దెబ్బ. ఉన్నట్టుండి సుత్తి ఆగింది.

ఎందుకాగింది? ఎవరితోనైనా మాట్లాడుతున్నాడా? ఎవరైనా పడ్డారా? ఒక కాలు కింది మెట్టు మీదే ఉంది. దిగడానికి ఒక్క క్షణం పట్టదు. దిగలేదు. గుమ్మం చెక్క పట్టుకుని అలాగే నిలబడింది.

సుత్తి మళ్ళీ మొదలైంది. ఎప్పటి నిదానమే. ఆమె కాలు వెనక్కి తీసుకుంది.

బస్తాల బండి కదిలేటప్పటికి మలుపు దగ్గర ఎవరూ లేరు.

"చెయ్యి ఎత్తే ఉంటుందిలే" అంది అత్తగారు వెనకనుంచి.

"ఎత్తకపోతే?"

"ఎత్తకపోతే చేతిలో సంచి ఉంది కదే."

ఆమె పనికీ వేళయింది. తన కిర్రు చెప్పులు వేసుకుని మెట్లు దిగింది, మళ్ళీ ఎక్కి గ్యాసు కట్టి ఉందో లేదో చూసింది, మళ్ళీ దిగింది. మలుపు దగ్గరికి వెళ్ళాక, ఎన్నడూ లేనిది, ఆగి ఇంటి వైపు తిరిగింది. గుమ్మంలో ముసలావిడ నిలబడి ఉంది. కోడలు చెయ్యి ఎత్తింది.